పూజలో వినిపించే రెండు పేర్లు: సంప్రదాయ కథోలిక వర్గాల చీలికలు, చేరికలు

విజయనగరంలో, శ్రీకాకుళంలో ఏ ఆర్.సి.ఎం. చర్చికి ఆదివారం పూజకు వెళ్లినా, పీఠం దగ్గర గురువు చేసే పెద్ద ప్రార్థన మధ్యలో రెండు పేర్లు వినిపిస్తాయి. మొదటిది పోపు గారిది, రెండోది మన మేత్రాసన (డయోసిస్) పీఠాధిపతిది, అంటే బిషప్పుది. రెండు క్షణాల్లో దాటిపోయే ఆ మాటను చాలామంది పట్టించుకోరు. సంప్రదాయ కథోలికులుగా చెప్పుకునే వర్గాల మధ్య అరవయ్యేళ్లుగా సాగుతున్న తగాదా అంతా అక్కడే ఉంది.

ఆ రెండు పేర్లనూ పలికి, ఇద్దరి మాటా వింటూ పాత లత్తీను పూజ చేసేవాళ్లున్నారు. రెండు పేర్లూ పలుకుతూనే 'విశ్వాసానికి హాని అనిపించిన చోట మాట వినం' అనేవాళ్లున్నారు. పోపు పీఠమే ఖాళీగా ఉందంటూ ఏ పేరూ పలకనివాళ్లున్నారు. తామే ఒక పోపును ఎన్నుకుని ఆయన పేరు చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. బయటినుంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉంటారు. అదే లత్తీను, అదే సాంబ్రాణి పొగ, ప్రజలకు వీపు చూపి పీఠంవైపు తిరిగి నిలబడే అదే గురువు. వీడియో చూసి వర్గాన్ని పోల్చుకోవడం దాదాపు అసాధ్యం.

కాబట్టి దీన్ని లత్తీనుకూ ప్రాంతీయ భాషకూ మధ్య జగడంగా చెప్పడం పొరపాటు. ఆరవ పౌలు పోపు 1969లో ప్రకటించిన కొత్త పూజా గ్రంథాన్ని కూడా లత్తీనులోనే జరుపుకోవచ్చు. గొడవ 'ఏ పుస్తకం' అన్న దగ్గర మొదలై, 'ఎవరి అనుమతితో' అన్న దగ్గర ముదురుతుంది.

పుస్తకం సంగతి ముందు చూద్దాం. పాత పూజ అనగానే ఎక్కువమంది 1962 ప్రతినే అనుకుంటారు. 23వ యోహాను పోపు కాలంలో అచ్చయిన ఆ ప్రతికి అదే ఏడాది చివర్లో పునీత జోజప్ప పేరు చేరింది, పూజ నడిబొడ్డు ప్రార్థనలో. అంతకుముందు 1955 నవంబరులో 12వ పయస్ పోపు పవిత్ర వారం (ఈస్టరుకు ముందు వారం) ఆచారాలను మార్చారు. ఈస్టరు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో చదివే ప్రవచనాలు పన్నెండు నుంచి నాలుగుకు తగ్గాయి. 1962 ప్రతిని తాకనివాళ్లు 1955 మార్పులకు ముందున్నదే అసలైనదంటారు. అంటే గట్టి సంప్రదాయవాదుల్లోనే, పవిత్ర శుక్రవారం ఏ పుస్తకం తెరుస్తారన్నదాన్నిబట్టి ఎవరు ఎటువైపో కొంత తెలిసిపోతుంది. కొంత మాత్రమే. ఎందుకంటే 1955కు ముందటి పవిత్ర వారాన్ని ప్రయోగాత్మకంగా జరుపుకోవడానికి రోము అనుమతి పొందిన విధేయ వర్గాలు కూడా ఉన్నాయి.

అసలు మెలిక పీఠాధిపతుల దగ్గర ఉంది. గురువు జ్ఞానస్నానం ఇవ్వగలడు, పూజ చేయగలడు, అయితే మరో గురువును తయారు చేయలేడు. గురుపట్టాభిషేకం పీఠాధిపతి చేతుల మీదుగానే జరగాలి. ఒక వర్గం దగ్గర వందమంది గురువులున్నా పీఠాధిపతి లేకపోతే, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యేసరికి ఆ వర్గం అంతరించిపోతుంది. పీఠాధిపతిని మరో పీఠాధిపతి అభిషేకించవచ్చు. ఆ అభిషేకం సంస్కారంగా చెల్లుతుంది కూడా. కానీ పోపు ఆజ్ఞాపత్రం లేకుండా చేస్తే, చేసినవాడికీ చేయించుకున్నవాడికీ ఎవరూ తీర్పు చెప్పకుండానే వెలి శిక్ష (చర్చి సంస్కారాల నుంచి బహిష్కరణ) పడుతుంది. మొదట్లో దీనికి సస్పెన్షనే ఉండేది. చైనాలో ప్రభుత్వం తనకు అనుకూలమైన పీఠాధిపతులను నిలబెడుతుందన్న భయంతో రోము 1951లో శిక్షను వెలి స్థాయికి పెంచింది. చైనాను దృష్టిలో పెట్టుకుని బిగించిన ఆ ముడి 1988లో ఒక ఫ్రెంచి అగ్రపీఠాధిపతి మెడకు చుట్టుకుంది.

ఆయన మార్సెల్ లెఫెబ్రె. ఆఫ్రికాలో డకార్ అగ్రపీఠాధిపతిగా పనిచేశారు, చర్చిలో పెద్ద మార్పులకు దారితీసిన రెండవ వాటికన్ మహాసభలో (1962-65) కూర్చున్నారు. 1970 నవంబరు 1న స్విట్జర్లాండులోని ఫ్రీబూర్ పీఠాధిపతి అనుమతితోనే పునీత పదో పయస్ గురుసంఘాన్ని స్థాపించారు. ఎకోన్‌లో గురువిద్యాలయం పెట్టారు. తర్వాత వచ్చిన పీఠాధిపతి 1975లో ఆ అనుమతిని రద్దు చేశారు. లెఫెబ్రె ఆగలేదు. 1976లో గురుపట్టాలు ఇచ్చారు, సస్పెండయ్యారు. పూజ చేయవద్దన్నా చేస్తూనే పోయారు. తన దృష్టిలో తానేమీ కొత్తగా మొదలుపెట్టలేదు, ఉన్నదాన్ని కాపాడుతున్నానంతే అని ఆయన వాదన.

1988 నాటికి ఆయనకు 82 ఏళ్లు. ఆయన పోతే సంఘంలో గురుపట్టాలిచ్చే చెయ్యి లేదు. ఈ గడియారమే ఆ ఏటి చర్చలన్నిటినీ నడిపించింది. మే 5న కార్డినల్ రాట్‌జింగర్‌తో (తర్వాతి 16వ బెనెడిక్టు పోపు) ఒక ఒడంబడిక మీద సంతకం చేశారు. అందులో సంఘానికి చట్టబద్ధమైన హోదా, సంఘంనుంచే ఒక పీఠాధిపతి ఉన్నాయి. మర్నాడే లెఫెబ్రె వెనక్కి తగ్గారు. అభిషేకం తేదీ తేల్చలేదనీ, రోము వాయిదాలతో తన చావు కోసం కాచుకుని ఉందనీ ఆయన అనుమానం. ఆగస్టు 15 అన్న మాట రోము నుంచి వచ్చింది, కానీ అప్పటికి నమ్మకం పోయింది. జూన్ 30న ఎకోన్‌లో నలుగురిని అభిషేకించారు: బెర్నార్ ఫెల్లే, బెర్నార్ టిస్సియే ద మలరే, రిచర్డ్ విలియమ్సన్, అల్ఫోన్సో ద గలారెటా. బ్రెజిల్‌లోని కాంపోస్ విశ్రాంత పీఠాధిపతి కాస్ట్రో మేయర్ పక్కన నిలబడి చేతులుంచారు. జులై 1న వెలి ప్రకటన వచ్చింది. జులై 2న రెండవ జాన్ పాల్ పోపు, సంఘాన్ని వదిలి రావాలనుకునేవాళ్లకు ఒక దారి చూపిస్తూ ప్రత్యేక కమిషన్‌ను ఏర్పాటు చేశారు.

ఆ మూడు రోజుల్లో సంఘం మధ్యలో గీత పడింది. లెఫెబ్రెతో పన్నెండేళ్లు నడిచిన గురువులు కొందరు రాత్రికి రాత్రే నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. పన్నెండుమంది గురువులు బయటికి వచ్చి జులై 18న స్విట్జర్లాండులోని ఒక మఠంలో పునీత పేతురు గురుసంఘాన్ని స్థాపించారు. ఫ్రాన్సులోని బారూ బెనెడిక్టు మఠం కూడా అదే వేసవిలో రోముతో రాజీపడింది. వీళ్లెవరూ పాత పూజను వదలలేదు, లెఫెబ్రె నేర్పిన పాఠాలనూ వదలలేదు. వాళ్లు వదిలింది ఆజ్ఞాపత్రం లేని అభిషేకాన్ని ఒక్కటే. కోపంతో వెళ్లిపోయారని అంటారు గానీ, వాళ్ల సమస్య చిన్న వాక్యంలో పడుతుంది: పోపు వద్దన్న పీఠాధిపతి చేతుల కింద తల వంచగలమా?

ఈ సంఘటన తర్వాతి దాదాపు నలభై ఏళ్ల చీలికలకు నమూనా. సంఘానికీ రోముకూ మధ్య తలుపు మూసుకున్నప్పుడల్లా, కలవాలనుకున్నవాళ్లు బయటికి వెళ్లారు. తలుపు తెరుచుకోబోతుందన్నప్పుడల్లా, కలవకూడదనుకున్నవాళ్లు బయటికి వెళ్లారు. రెండు దిశల్లోనూ వెళ్లేది సంఘం నుంచే. కాంపోస్ గురువులు 2002 జనవరిలో రోముతో కలిశారు. ఫ్రాన్సులో సంఘంతో పడక బయటికి వచ్చిన గురువులతో 2006లో బోర్దోలో మంచి కాపరి సంస్థ ఏర్పడింది. స్కాట్లాండు తీరంలోని పాపా స్ట్రాన్సే దీవి మఠవాసులు 2008లో కలిశారు. ఇవి మొదటి రకం.

రెండో రకం ఇంకా ముందే మొదలైంది. 1983లో అమెరికాలో తొమ్మిదిమంది గురువులు లెఫెబ్రెతో తెగతెంపులయ్యారు. 1962 పూజా గ్రంథాన్ని అమలు చేయమన్నారని ఒక అభ్యంతరం, కొత్త పద్ధతిలో గురుపట్టం పొందినవాళ్లను షరతుతోనైనా మళ్లీ అభిషేకించకుండా చేర్చుకుంటున్నారని ఇంకొకటి, చర్చి కోర్టులు వివాహాలను రద్దు చేస్తున్న తీర్పులను ఒప్పుకుంటున్నారని మరొకటి. చర్చి భవనాల మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. వేదాంతం మాట్లాడుకుంటూ బయల్దేరి స్థలం పట్టాల దగ్గర ఆగిన తగాదాల్లో ఇదొకటి. అలాంటి చోట గెలిచేది వాదన కాదు, కాగితం.

2012లో అదే కథ ఎదురుదిశలో నడిచింది. 16వ బెనెడిక్టు పోపు 2009 జనవరిలో నలుగురు పీఠాధిపతుల మీద వెలిని ఎత్తివేశారు. అదే రోజుల్లో విలియమ్సన్ యూదుల ఊచకోతను కాదన్న ఇంటర్వ్యూ స్వీడన్ టెలివిజన్‌లో రావడంతో పోపు నిర్ణయం మొత్తం దుమారంలో పడింది. తర్వాత మూడేళ్ల చర్చల్లో, ఒప్పందం చేరువైందని అందరూ అనుకున్నప్పుడు, మిగతా ముగ్గురు పీఠాధిపతులు సంఘాధిపతి ఫెల్లేకు వ్యతిరేకంగా లేఖ రాశారు. ఒప్పందం కుదరలేదు. కుదరకపోయినా, 'కుదిరేది' అన్న అనుమానమే చాలింది. 2012 అక్టోబరులో విలియమ్సన్‌ను బహిష్కరించారు. ఆయన చుట్టూ చేరిన గురువులు తమను ప్రతిఘటన వర్గంగా పిలుచుకున్నారు. 2015 మార్చి 19న విలియమ్సన్ తానే జ్యాఁ మిషెల్ ఫోర్‌ను పీఠాధిపతిగా అభిషేకించారు. తర్వాతి రెండేళ్లలో మరో ఇద్దరిని. 1988లో లెఫెబ్రె చెప్పిన కారణమే ఈయనా చెప్పారు: అత్యవసర పరిస్థితి. ఆ పదానికి కొలత లేదు. ఎవరి అత్యవసరం వారిది. అందుకే వర్గం చిన్నదయ్యేకొద్దీ ఆ వాదన తగ్గకపోగా పెరుగుతుంది.

పీఠం ఖాళీ అనేవారి లోకం వేరు. వీళ్లను లత్తీను మాటను పట్టి సేదెవకాంతులంటారు. 1958లో 12వ పయస్ పోపు చనిపోయాక వచ్చినవాళ్లెవరూ నిజమైన పోపులు కాదన్నది సాధారణంగా వీరి వాదన. ఇందులో మధ్యస్థ మార్గం ఒకటుంది. ఫ్రెంచి వేదాంతి గెరార్ దె లోరియే ప్రకారం, ఎన్నికైనవాడు పీఠం మీద కూర్చున్నాడు గానీ అధికారం మాత్రం ఆయనకు దక్కలేదు. ఆయన తప్పు మాని వెనక్కి తిరిగితే అధికారం వచ్చేస్తుంది. కాబట్టి ఈ వర్గం కొత్త పోపును ఎన్నుకోదు. పూర్తిగా ఖాళీ అనేవాళ్లు వీళ్లను ఒప్పుకోరు. మరోవైపు ఓపిక నశించి ఎన్నుకున్నవాళ్లూ ఉన్నారు. 1990లో అమెరికాలోని కాన్సాస్‌లో డేవిడ్ బాడెన్ అనే వ్యక్తి మైకేల్ పోపుగా ప్రకటించుకున్నారు. ఎన్నుకున్నవారిలో ఆయన తల్లిదండ్రులు కూడా ఉన్నారు.

వీళ్లకు పీఠాధిపతులు ఎక్కడినుంచి వచ్చారు? ఎక్కువగా వియత్నాం అగ్రపీఠాధిపతి న్గో దిన్ తుక్ నుంచి. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గో దిన్ దియెమ్‌కు ఈయన అన్న. దియెమ్‌ను కూల్చిన 1963 సైనిక కుట్ర తర్వాత స్వదేశానికి తిరిగి వెళ్లలేక ఐరోపాలో ఉండిపోయారు. 1976లో స్పెయిన్‌లోని పాల్మార్‌లో కొందరినీ, 1981లో గెరార్ దె లోరియేనూ, మెక్సికో గురువు మొయిసెస్ కార్మోనానూ ఆయన అభిషేకించారు. ఆ వరసను కొందరు శంకిస్తారు. అమెరికా తొమ్మిదిమందిలో ఒకరైన క్లారెన్స్ కెల్లీ తుక్ వరసను ఒప్పుకోలేదు. ఆయన 1993లో ప్యూర్టోరికో విశ్రాంత పీఠాధిపతి అల్‌ఫ్రెడో మెండెస్ చేతుల మీదుగా పీఠాధిపతి అయ్యారు. ఆయన సంఘం గుళ్లలో, తుక్ వరస గురువుల పూజకు వెళ్లేవారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వకపోవడం నియమం. పోపు లేడన్న విషయంలో ఒకటైనవాళ్లు, ఒకరి చేతి సత్ప్రసాదాన్ని మరొకరు ముట్టరు. అధికారం లేనిచోట పరిష్కారం చెప్పేవాళ్లూ ఉండరు కాబట్టి, ప్రతి అనుమానమూ చీలికగానే తేలుతుంది.

రోము వైపు చూస్తే, విధేయ వర్గాల జాతకం ఒక్కో లేఖతో మారుతూ వచ్చింది. 1984 అక్టోబరులో పీఠాధిపతి అనుమతితో పాత పూజ జరుపుకోవచ్చన్నారు. 2007 జులై 7న 16వ బెనెడిక్టు, పీఠాధిపతిని అడగకుండానే ఏ గురువైనా చేయవచ్చన్నారు. 2021 జులై 16న ఫ్రాన్సిస్ పోపు దాన్ని తిరగేశారు. అనుమతి మళ్లీ పీఠాధిపతి చేతికి వచ్చింది. విచారణ (పారిష్) చర్చిల్లో జరపకూడదన్నారు, కొత్తగా గురుపట్టం పొందినవాళ్లు అడిగితే పీఠాధిపతి రోమును సంప్రదించాలన్నారు. 2023 ఫిబ్రవరిలో ఇది ఇంకా బిగిసింది: విచారణ చర్చి మినహాయింపు, కొత్త గురువుల అనుమతి రెండూ రోము చేతిలోకే వెళ్లాయి.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది, దాన్ని దాచడం కుదరదు. 2021 లేఖ తగిలింది విధేయులకు. లెఫెబ్రె సంఘం అనుమతి అడగదు కాబట్టి దానికి పోయిందేమీ లేదు. పేతురు సంఘానికి 2022 ఫిబ్రవరిలో పోపు ప్రత్యేక పత్రమిచ్చి పాత గ్రంథాలను వాడుకోనిచ్చారు. నష్టపోయింది ఎక్కువగా మేత్రాసన గురువు దగ్గర, విచారణ చర్చిలో నెలకో వారానికో పాత పూజకు వెళ్లే మామూలు కుటుంబాలు. ఆ పూజ ఆగినప్పుడు దగ్గర్లో కనిపించేది లెఫెబ్రె సంఘం గుడి. పీఠాధిపతిని ఎదిరించాలని ఎవరూ అటు వెళ్లరు, ఆదివారం పూజ కోసం వెళ్తారు. మూడేళ్లు అక్కడ కూర్చున్నాక, అక్కడి ప్రసంగాలు విన్నాక, మొదట లేని తగాదా వాళ్లదీ అవుతుంది. విధేయత మారడం చాలాసార్లు వాదన విని జరిగే పని కాదు, దారి దగ్గరై జరిగే పని.

ఇదే ఫ్రాన్సిస్ పోపు లెఫెబ్రె సంఘానికి ఇచ్చినవి కూడా తక్కువేం కాదు. 2015 డిసెంబరులో మొదలైన కారుణ్య సంవత్సరానికి ఆ గురువుల దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని విమోచనం పొందడం) చెల్లుతుందన్నారు, 2016 నవంబరులో దాన్ని గడువు లేకుండా పొడిగించారు. 2017లో వాళ్ల వివాహాలకు స్థానిక పీఠాధిపతులు అధికారం ఇచ్చే ఏర్పాటు చేశారు. హోదా లేని సంఘం పాపసంకీర్తనం వినగలదు. హోదా ఉన్న గురువు తన విచారణలో పాత పూజ చేయలేడు. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇప్పటి కలగాపులగం అర్థం కాదు.

ఇక మన ప్రాంతానికి వస్తే, శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖపట్నం నుంచి విడిపోయి ఏర్పడింది. అప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ దీని పరిధిలోనివే. ఇక్కడ క్రైస్తవమంటే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది బొబ్బిలి, పాలకొండ, విజయనగరాల్లో పాతుకున్న కెనడియన్ బాప్టిస్టు మిషన్. ఆర్.సి.ఎం. వాళ్ల వరస 1846లో విశాఖలో దిగిన ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువుల నుంచి వచ్చింది. ఈ నేలలో లత్తీను పూజ మీద మమకారం ఐరోపాలో ఉన్నంత బలంగా లేకపోవడానికి కారణం ఉంది. గురువు లత్తీనులో చదువుతున్నప్పుడూ జనం తెలుగులోనే జపమాల చెప్పేవారు, తెలుగులోనే పాడేవారు. కొత్త పూజ వచ్చిన ఏడాదే, 1969 ఏప్రిల్‌లో, హారతి, దీపపు కుందె, నేల మీద కూర్చోవడం వంటి పన్నెండు అంశాలకు భారత చర్చికి అనుమతి దొరికింది. ఫ్రాన్సులో పోగొట్టుకున్నట్టు అనిపించినది ఇక్కడ చాలామందికి దొరికినట్టు అనిపించింది.

అలాగని ఈ దేశానికి ఇలాంటి తగవు కొత్తకాదు. 1838లో పోపు 16వ గ్రెగరీ మైలాపూరు, కొచ్చిన్ వంటి చోట్ల పోర్చుగల్ రాజు పోషక హక్కును (పీఠాధిపతులను ప్రతిపాదించే హక్కు) రద్దు చేసినప్పుడు, గోవా గురువులు ఒప్పుకోలేదు. ఒకే పట్నంలో రోము పంపినవాళ్లకూ గోవా వాళ్లకూ వేర్వేరు చర్చిలు దశాబ్దాలపాటు నడిచాయి. 1886లో పోర్చుగల్‌తో ఒడంబడిక జరిగేదాకా అది సర్దుకోలేదు. గోవా గురువు అల్వారెస్ ఆ ఒడంబడికకు ఎదురుతిరిగి, 1889లో కేరళలోని మలంకర సిరియన్ల చేతుల మీదుగా పీఠాధిపతి అయ్యారు. లెఫెబ్రె పుట్టకముందే ఇక్కడ ఆ దారి ఒకరు నడిచారు.

ఉద్దానం, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి చెన్నై, ముంబయి, గల్ఫు దాకా పనికి వెళ్లే కుటుంబాలకు ఈ వర్గాలు పుస్తకంలో కాక నిజంగా ఎదురుపడతాయి. లెఫెబ్రె సంఘానికి తమిళనాడులోని పాళయంకోట్టైలో కేంద్రం ఉంది. లత్తీను పూజ చూసి మనసు పడ్డవాళ్లు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ గురువుకు పట్టం ఇచ్చిన పీఠాధిపతి ఎవరు, ఆ పీఠాధిపతిని అభిషేకించింది ఎవరు, పూజలో ఎవరి పేర్లు పలుకుతారు, ఈ ఊరి పీఠాధిపతి అనుమతిపత్రం ఉందా. సరళంగా జవాబు చెప్పేవాళ్లు ఏ వర్గమైనా ఫరవాలేదు, కనీసం ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. జవాబు దాటవేస్తే అదే జవాబు.

సంస్కారాల లెక్క ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. జ్ఞానస్నానం నీటితో, త్రిత్వ నామంలో, చర్చి ఉద్దేశంతో జరిగితే ఎవరు చేసినా చెల్లుతుంది, మళ్లీ ఇవ్వకూడదు. పూజ చెల్లుతుంది గానీ అనుమతి లేనిచోట చేయడం తప్పు. పాపసంకీర్తనం అలా కాదు. గురువుకు ఆ అధికారం ఇచ్చి ఉండాలి. లెఫెబ్రె సంఘానికి పోపు ఇచ్చారు, ప్రతిఘటన వర్గానికీ పీఠం ఖాళీ అనేవారికీ ఎవరూ ఇవ్వలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఏ గురువైనా పాప విమోచనం ఇవ్వగలడు.

ఎక్కువ చిక్కు వివాహం దగ్గర వస్తుంది. కథోలికుల వివాహం విచారణ గురువు, లేదా ఆయన అధికారమిచ్చిన గురువు ఎదుట, ఇద్దరు సాక్షులతో జరగాలి. లెఫెబ్రె సంఘం గుడిలో పెళ్లి చేసుకోవాలంటే ముందుగా ఆ ఊరి పీఠాధిపతి కార్యాలయానికి రాయాలి. అక్కడినుంచి ఒక మేత్రాసన గురువు వచ్చి సమ్మతి మాటలు స్వీకరించవచ్చు, అది కుదరకపోతే సంఘం గురువుకే అధికారం ఇవ్వవచ్చు. ప్రతిఘటన వర్గం దగ్గరా, పీఠం ఖాళీ అనేవారి దగ్గరా జరిగినదాన్ని మేత్రాసనం వివాహంగా లెక్కించదు. ఇది చాలాసార్లు బయటపడేది ఏళ్ల తర్వాత, పిల్లకు జ్ఞానస్నానం ఇప్పించాలని ఊరికి వచ్చినప్పుడు. వివాహం జరిగిన విషయం జ్ఞానస్నానం పొందిన విచారణ రిజిస్టరులో పేరు పక్కన రాస్తారు. పాలకొండలో జ్ఞానస్నానం పొందిన మనిషి ముంబయిలో పెళ్లి చేసుకున్నా ఆ సమాచారం పాలకొండ పుస్తకానికే తిరిగి రావాలి. రాలేదంటే, పెళ్లి ఎవరి ఎదుట జరిగిందన్న ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుంది. కాబట్టి ఊరికి వచ్చినప్పుడు, పిల్ల జ్ఞానస్నానం తేదీ పెట్టుకోకముందే, తన జ్ఞానస్నాన పత్రం కొత్త నకలు తీయించుకుని అంచులో వివాహం నమోదైందో లేదో చూసుకోవడం మంచిది.